గలీషియన్: ఒక పదము, రెండు దేశములు

1900 ప్రాంతమున అట్లాంటిక్ మహాసముద్రమును దాటి పోవుచుండిన వలసజనులలో రెండు సమూహములు ఒకే పేరును వెంట మోసికొని పోయినవి. ఒక సమూహము స్పెయిన్ దేశపు వాయవ్యపు మూలనుండి బయలుదేరి హవానా, బ్యూనస్ ఐరిస్ రేవులలో దిగెడిది. రెండవది కార్పేతియన్ కొండల ఉత్తరపు వాలులయందలి పల్లెలను విడిచి, జర్మనీ రేవులలో ఓడ నెక్కి, కెనడాలోని గోధుమ మైదానములకు పోయెడిది. ఈ రెండు సమూహములకును పరస్పర పరిచయము లేదు. భాషలు వేరు, ఆచారములు వేరు, ఏలిన ప్రభువులు వేరు. అయినను ఆంగ్లమున వ్రాయబడిన పత్రములలో ఇరుతెగల వారును 'గలీషియను'లే. ఒకే అక్షరముల వరుస, ఒకే ఉచ్చారణ. ఇది లేఖకుని పొరపాటు కాదు. ఐరోపాఖండమున గలీషియా అను పేరుగల దేశభాగములు నిజముగానే రెండున్నవి.

ఇట్టి పదము భాషాంతరీకరణమునకు పూనుకొన్నవానిని తికమక పెట్టక మానదు. హిందీలో దేశనామమునకు 'ఈ' ప్రత్యయమును చేర్చిన చాలును. నేపాలునుండి నేపాలీ, బంగాలునుండి బంగాలీ పుట్టి, మనిషికిని భాషకును ఒక్క పదమే సరిపోవుచున్నది. ఆంగ్లపు 'గలీషియన్' కూడ అట్టిదే. మనిషి, భాష, పశువు, వంటకము, రాజకీయపక్షము, దేనికైనను దానినే వాడవచ్చును. తెలుగునందు మాత్రము గలీషియను అనవలెనా, గలీషియావాసి అనవలెనా, గలీషియాదేశీయుడు అనవలెనా యని ఆగి యోచింపవలసి వచ్చును. ఆ యోచన వృథాశ్రమ కాదు. రెండు గలీషియాల చరిత్రయందలి భేదమంతయు ఆ ప్రశ్నలోనే ఇమిడియున్నది.

మొదట స్పెయిన్ దేశపు గలీషియా సంగతి. రోమనులు ఐబీరియా ద్వీపకల్పమున ప్రవేశించునాటికి డౌరో నదికి ఉత్తరమున కల్లైకీ అను తెగవారు నివసించుచుండిరి. డెసిమస్ జూనియస్ బ్రూటస్ అను సేనాని క్రీ. పూ. 137 ప్రాంతమున వారిమీద దండెత్తి, ఆ విజయమునకు గుర్తుగా 'కల్లైకస్' అను బిరుదమును ధరించెను. ఒక చిన్న తెగ పేరు క్రమముగా పొరుగు తెగల కన్నిటికిని వ్యాపించినది, క్రీ. శ. 3వ శతాబ్దాంతమున డయోక్లీషియన్ చక్రవర్తి కాలమునాటికి గల్లేకియా అనునది ప్రత్యేక రాష్ట్రమైనది. అనగా ఈ పేరును పెద్దది చేసినవారు దానిని ధరించినవారు కారు; జయించినవారు. పోర్చుగల్ అను పేరులోని ఉత్తరార్ధము 'కాలే' అను ప్రాచీనమైన ఊరి పేరు. దానికిని కల్లైకీ జనులకును సంబంధము కలదని పెక్కురు తలంతురు.

పేరునకు వ్యుత్పత్తి చెప్పబోయినవారికి కొదువ లేదు. 7వ శతాబ్దమున సెవిల్ నగరపు ఇసిడోర్ ఆ జనుల దేహచ్ఛాయ తెల్లనిదగుటచే ఆ పేరు వచ్చినదనియు, గాల్ జనుల పేరునకును అదియే కారణమనియు వ్రాసెను. మన నిరుక్తకారులు చూచినను మెచ్చుకొనదగిన చమత్కార మది, శాస్త్రముగా నిలువదు. ఇచ్చట తెలుగు పాఠకులు మరియొక భ్రమకు లోనుగాకుండుట మంచిది. తెలుగు బైబిలునందలి గలతీయులు ఆసియా మైనరు మధ్యభాగమున, క్రీ. పూ. 3వ శతాబ్దమున వలస వచ్చి స్థిరపడిన కెల్టిక్ జాతివారు. గలిలయ పాలస్తీనా ఉత్తరభాగమునందలి సీమ. ఆ పేరు హీబ్రూ పదము. చెవికి దగ్గరగా నున్నను ఈ రెండును మన ప్రస్తుత విషయమునకు చుట్టములు కావు.

రోమను అధికారము సడలిన పిదప సుయెబీ అను జర్మానిక్ తెగవారు 409లో పిరనీస్ పర్వతములను దాటి వచ్చి, బ్రాగా రాజధానిగా ఇచ్చట రాజ్యమును స్థాపించిరి. 585లో విసిగోతు రాజు లియోవిగిల్డ్ దానిని కలుపుకొనెను. 9వ శతాబ్దమున సెయింట్ జేమ్స్ సమాధి కనబడినదను వార్త పుట్టి, సాంతియాగో దె కంపోస్తెలా పశ్చిమ ఐరోపాకంతకును యాత్రాస్థల మాయెను. యాత్రికుల బాటవెంట పాటకులు వచ్చిరి. 12వ శతాబ్దాంతమునుండి 14వ శతాబ్దము వరకు ఈ సీమలోని భాష, అనగా నేటి గలీషియన్, పోర్చుగీసు భాషల ఉమ్మడి పూర్వరూపము, ద్వీపకల్పమందలి పెక్కు రాజసభలలో గేయకవిత్వమునకు భాషయై వెలసినది. కస్తీలియాను 1252నుండి 1284 వరకు ఏలిన పదవ అల్ఫాన్సో శాసనములను, చరిత్రలను, జ్యోతిషగ్రంథములను తన కస్తీలియన్ భాషలో వ్రాయించెను. మేరీమాతను కీర్తించు నాలుగు వందలకు పైగా గీతములను మాత్రము గలీషియన్‌లో కూర్పించెను. గద్యమున కొక భాష, పద్యమున కొక భాష. హిందీ సాహిత్యము నెరిగినవారికి ఇది వింత గొలుపదు. 19వ శతాబ్దమున గద్యము ఖడీబోలీలోనికి సాగిపోవుచుండగా కవులు వ్రజభాషను విడువలేక పోవుట వారు చూచినదే.

ఆ వైభవము నిలువలేదు. అధికారము కస్తీలియాకు తరలినది, ప్రభువంశములు కస్తీలియన్ మాటలాడ నేర్చినవి, గలీషియన్ వ్రాతనుండి తొలగి పొలములకును పడవలకును పరిమితమైనది. 16వ శతాబ్దమునుండి 18వ శతాబ్దాంతము వరకు గల కాలమును ఆ దేశపు సాహిత్యచరిత్రకారులు 'చీకటి శతాబ్దములు' అని వ్యవహరింతురు. చీకటి వ్రాతకే గాని మాటకు కాదు. ప్రజలలో అధికసంఖ్యాకులు ఆ మూడువందల ఏండ్లును ఆ భాషనే మాటలాడిరి. కాని వ్రాయబడని భాషకు దానిని మాటలాడువారే విలువ నీయరు. ఈ కాలముననే 'గలీషియన్' అను పదము యొక్క మర్యాద దిగజారుట ఆరంభించినది.

దిగజారిన తీరు చూడదగినది. ఆ సీమ కొండలసీమ, భూములు ముక్కచెక్కలు, జనము అధికము. వేసవిలో కుటుంబములనుండి పురుషులు గుంపులుగా కస్తీలియా కోతలకు కూలికి పోయెడివారు. మరి కొందరు లిస్బన్ నగరమున నీళ్లు మోయువారుగను, మూటలు మోయువారుగను స్థిరపడిరి. వారివలన పోర్చుగీసు వాడుకలో 'గలేగో' అనగా కూలివాడు, మోటుపని చేయువాడు అను అర్థము వచ్చినది. కస్తీలియా మైదానములలో వాయవ్యమునుండి వీచు గాలికిని 'గయ్యేగో' అనియే పేరు. అది మాత్రము నిరపాయమైన వాడుక. ఈశాన్య బ్రెజిలులో 'గలేగో' అనగా తెల్లని చాయయు రాగిజుట్టును గలవాడు. వాడు గలీషియాను కలలోనైనను చూచియుండ నక్కర లేదు. అన్నిటికంటె విచిత్రము నిమ్మకాయ సంగతి. హిందీవారు 'కాగజీ నీంబూ' అనెడి సన్నని తోలుగల చిన్న నిమ్మను బ్రెజిలులో 'లిమావ్ గలేగో', అనగా గలీషియన్ నిమ్మ, అందురు. ఆ చెట్టు పుట్టిల్లు ఆసియాయే. మన ఇండ్లలో ఊరగాయ జాడీలలో నిండునది ఆ కాయయే.

ఈ పేరునకు గౌరవస్థానములును లేకపోలేదు. కొలంబస్ స్వయముగా నడిపిన సాంతా మారియా నౌకకు 'లా గయ్యేగా', అనగా గలీషియా పడుచు, అను పేరును కలదు. అతని తోడి నౌకయైన పింటా 1493 మార్చి 1న క్రొత్త ఖండపు వార్తతో తిరిగి వచ్చి చేరినది గలీషియాలోని బయోనా రేవునకే. 1501లో పోర్చుగల్ రాజు పంపగా భారతదేశమునకు వచ్చిన మూడవ నౌకాదళమునకు నాయకుడైన జువావ్ ద నోవా గలీషియాలో పుట్టినవాడు. అతడు 1509లో కొచ్చిన్‌లో మరణించెను. మలబారు తీరవాసులకు అతడు మరియొక ఫిరంగివాడు మాత్రమే. ఫిరంగి అనునది ఫ్రాంకు జనుల పేరు. అది తూర్పునకు వచ్చి ఐరోపావారి కందరికి నామమై, తుదకు తెలుగునందు వారు తెచ్చిన తుపాకీ గొట్టమునకు నిలిచిపోయినది. జనుల పేర్ల గతి ఇట్లుండును.

19వ శతాబ్దము ద్వితీయార్ధమునుండి కూలికై కస్తీలియాకు పోయిన దారి సముద్రముమీదికి మళ్లినది. అర్జెంటీనాకు, క్యూబాకు, ఉరుగ్వేకు లక్షలకొలది గలీషియనులు తరలిపోయిరి. బ్యూనస్ ఐరిస్‌లో దిగిన స్పెయిన్ దేశస్థులలో వారు అంత అధికముగ నుండుటచే, అచ్చట 'గయ్యేగో' అనునది స్పెయిన్‌నుండి వచ్చిన ప్రతివానికిని పేరైనది. అందలూసియావాడు గయ్యేగో, కస్తీలియావాడును గయ్యేగోయే. స్వదేశమున కూలివానిని నిందించుటకు వాడిన మాట సముద్రమునకు ఆవల ప్రభువు జాతి కంతకును అంటుకొనుట చరిత్ర చేసిన పరిహాసము. కాని పరిహాసము తలక్రిందు కాలేదు. అర్జెంటీనావారి హాస్యకథలలో మందబుద్ధి పాత్ర గయ్యేగోదే. అంగడి నూడ్చి, కాఫీహోటలులో బల్లలు తుడిచి, డబ్బు కూడబెట్టి పల్లెకు పంపినవాని వేషభాషలను చూచి అతని పిల్లలే నవ్వ నేర్చిరి.

దక్షిణభారతమునుండి మలయా దేశమునకు పోయినవారికి ఇట్టిదే యొకటి జరిగినది. కళింగశబ్దమునుండి పుట్టిన 'కెలింగ్' అను మాట మలయా వాడుకలో మొదట కళింగాంధ్ర తీరపు వర్తకులకు చెల్లి, పిదప తమిళుల కెక్కువగా చెల్లి, దక్షిణభారతీయుల కందరికిని పేరై, కడకు తిట్టుగా పరిణమించినది. ఆంగ్లేయులు తెలుగు భాషకు 'జెంటూ' అని పెట్టిన పేరు పోర్చుగీసువారి 'జెంతియు' అను మాటనుండి వచ్చినది. దాని యర్థము అన్యమతస్థుడు. 1816లో మద్రాసున వెలువడిన క్యాంబెల్ వ్యాకరణము శీర్షికయందే, తెలుగును సామాన్యముగ జెంటూ అని పిలుతురని తెలుపవలసి వచ్చెను. ఒక భాషకు ఆ భాష మాటలాడువారి పేరు తిరిగి దక్కుటకు కొంత కాలము పట్టును.

గలీషియన్ భాషకు ఆ పని 1863లో ఆరంభమైనది. రొసలీయా దె కాస్త్రో అను కవయిత్రి 'కంతారెస్ గయ్యేగోస్' అను గీతసంపుటమును ఆ సంవత్సరమున ప్రకటించెను. పల్లెపాటల నడకలను, కస్తీలియాకు కూలికి పోయి అవమానములు పడి వచ్చినవారి బాధను ఆమె ఆ భాషలోనే వ్రాసెను. ఆ గ్రంథపు శీర్షికయందే 'గయ్యేగోస్' అను మాట యుండుట గమనింపదగినది. తిట్టుగా వాడుకలోనున్న పదమును ఆమె పుస్తకపు ముఖపత్రమున నిలిపినది. గ్రంథమునందలి అంకితపు తేదీయైన మే 17ను, నూరేండ్లు నిండిన 1963నుండి, రాయల్ గలీషియన్ అకాడమీ గలీషియన్ సాహిత్యదినముగ జరుపుచున్నది. ఆ అకాడమీ 1906లో కొరూన్యా నగరమున నెలకొన్నది. దానిని స్థాపించుటకు ధనమును ఉత్సాహమును సమకూర్చినవారిలో హవానాలోని వలసవారు ముఖ్యులు. గలీషియా జాతీయగీతమును తొలిసారి పాడినదియు గలీషియాలో కాదు, 1907లో హవానాలో. ఇంటిలో అనుటకు సిగ్గుపడిన పేరును పరదేశమున గర్వముతో అనుకొనిరి.

1936 జూన్ 28న గలీషియా ప్రజలు తమ స్వపరిపాలనా శాసనమునకు ఓటిచ్చిరి. మూడు వారములు తిరుగకముందే అంతర్యుద్ధము వచ్చిపడినది. తిరుగుబాటు నాయకుడైన ఫ్రాంకో గలీషియాలోని ఫెర్రోల్‌లో పుట్టినవాడే. అతని పాలనలో బడియు కచేరియు కస్తీలియన్‌వే. గలీషియన్ జాతీయవాదమునకు మూలగ్రంథమైన 'సెంప్రె ఎన్ గలీసా' 1944లో బ్యూనస్ ఐరిస్‌లో అచ్చుపడినది. దానిని వ్రాసిన కస్తెలావ్ 1950లో అచ్చటనే మరణించెను. అతని అస్థికలు 1984లో సాంతియాగోకు చేరినవి. అప్పటికి 1981నాటి స్వపరిపాలనా శాసనము, 1983నాటి భాషాశాసనము అమలునకు వచ్చియుండెను. ఆ ప్రాంతము పేరు 'గలీసియా' యనవలెనా, ప్రాచీనమైన 'గలీసా' యనవలెనా యను తగవు మాత్రము తీరలేదు. శాసనపు పేరు మొదటిది. 2003నాటి వర్ణక్రమ నిర్ణయములు రెండవదానినికూడ సాధువుగ అంగీకరించినవి.

ఇక తూర్పు గలీషియా. నీస్తర్ నది యొడ్డున హాలిచ్ అను చిన్న పట్టణము నేటికిని కలదు. మధ్యయుగమున అది ఒక సంస్థానమునకు రాజధాని. ఉక్రేనియన్ నోట 'హ'కారము లాటిన్ వ్రాతలో 'గ'కారమై, దేశము పేరు గలీషియా ఆయెను. హాలిచ్ అనగా కాకిజాతి పక్షికి పేరని కొందరందురు. ఆ దేశపు రాజముద్రికమీద నల్లని పక్షి యుండుటకు అదియే కారణము. ఉప్పునకు సంబంధించిన మాట యని మరి కొందరి మతము. ఏదియైనను, స్పెయిన్ గలీషియాతో దీనికి సంబంధము లాటిన్ వర్ణక్రమము కల్పించినది తప్ప వేరొకటి స్థిరపడలేదు. రెండును కెల్టుల నామములే యని ముడిపెట్టు వాదము వినసొంపుగ నుండును గాని దానికి గట్టి ఆధారము లేదు.

హంగరీ రాజులు 13వ శతాబ్దారంభమున కొంతకాలము హాలిచ్‌పై అధికారము నెరపి, తమ బిరుదావళిలో 'గలీషియా, లోడొమేరియాల రాజు' అని చేర్చుకొనిరి. దేశము చేజారినది, బిరుదము నిలిచినది. 14వ శతాబ్దమున పోలండ్ రాజు మూడవ కజిమీర్ ఆ దేశమును గైకొనిన తరువాత నాలుగు శతాబ్దములపాటు గలీషియా అనునది హంగరీ పత్రములలో పడియున్న పాత మాట. 1772లో ఆస్ట్రియా, ప్రష్యా, రష్యాలు పోలండ్‌ను పంచుకొన్నప్పుడు, మరియా థెరీసా తన వంతునకు ధర్మబద్ధమైన కారణము వెదకి, హంగరీ రాణి హోదాలో ఆ బిరుదమును బయటికి తీయించెను. ఆక్రమణము పునఃప్రాప్తి యని పిలువబడినది. చిత్రమేమనగా, హంగరీ హక్కుతో పొందిన దేశమును హంగరీకి కలుపలేదు, ఆస్ట్రియాలోనే ఉంచిరి. దాని పడమటి సగము ఎన్నడును హాలిచ్ ప్రభువుల ఏలుబడిలో లేనిది. లోడొమేరియా పేరునకు మూలమైన వొలొదీమిర్ పట్టణము ఆస్ట్రియా చేతికి రానేలేదు. తరువాత అది రష్యా వంతైనది. ఈ రాజ్యమును పోలండ్ ప్రజలు 'గొలీత్సియా, గ్వొడొమేరియా' యని ఎగతాళి చేసిరి. 'గొలీ' యనగా దిగంబరుడు, 'గ్వూద్' అనగా ఆకలి.

ఎగతాళిలో నిజ మున్నది. ఆ సామ్రాజ్యమునందు అతిపేద రాష్ట్రములలో గలీషియా యొకటి. 1846లో పడమటి భాగమున రైతులు తిరుగబడి వేయిమందివరకు జమీందారులను వారి మనుష్యులను చంపిరి. చంపినవారును చచ్చినవారును పోలిష్ మాటలాడువారే. కాని ఆ రైతులలో పెక్కురు తమను పోలులు అని చెప్పుకొనలేదు. తాము చక్రవర్తి మనుష్యులమనిరి. పోలు అనగా వారి దృష్టిలో దొర. దేశము పేరు, జాతి పేరు, భాష పేరు మూడును ఒకటే యని తలంచుటకు అలవాటుపడినవారు ఈ ఘట్టమును తరచుగా జ్ఞాపకము చేసికొనవలెను.

గలీషియన్ అను పదము ఈ దేశమున ఎన్నడును ఒక భాషకు పేరు కాలేదు. 1910 నాటికి సుమారు ఎనుబది లక్షల జనములో పోలిష్ మాటలాడువారు, నాడు రుథేనియనులని పిలువబడిన ఉక్రేనియనులు, యిడ్డిష్ మాటలాడు యూదులు కలసియుండిరి. ఆస్ట్రియా జనగణనము నిత్యవ్యవహారభాష యేదని అడిగెడిది. యిడ్డిష్‌ను భాషగా అంగీకరించెడిది కాదు. కావున యూదులలో అధికులు లెక్కలలో పోలిష్ వారైరి. 'గలీషియన్' అని చెప్పుకొనువానికి జాబితాలో గడియే లేదు. అయినను ఆ నేల రచయితలను ఇచ్చినది. ఇవాన్ ఫ్రాంకో ఉక్రేనియన్, పోలిష్, జర్మన్ మూడిటిలో వ్రాసెను. బ్రోదీలో 1894లో పుట్టిన జోసెఫ్ రోత్ జర్మన్‌లో వ్రాసెను. బుచాచ్‌లో పుట్టిన అగ్నాన్ హీబ్రూలో వ్రాసి 1966లో నోబెల్ బహుమానమును పొందెను. ముగ్గురును గలీషియనులు, ముగ్గురిని ఒక సాహిత్యచరిత్రలో చేర్చుట దుర్ఘటము.

పేదరికమే వారిని కెనడాకు పంపినది. 1896నుండి 1905 వరకు ఆంతరంగిక మంత్రిగా నుండిన క్లిఫర్డ్ సిఫ్టన్ పడమటి మైదానములను దున్నుటకు ఈ గొఱ్ఱెతోలు కోటుల రైతులను ఆహ్వానించెను. పత్రికలకు వారు నచ్చలేదు. 'గలీషియన్' అను మాట అచ్చట మురికికిని మొరటుతనమునకును పర్యాయపదమై, గలీషియాతో సంబంధము లేని బుకొవీనావారికిని చెల్లినది. 1914లో యుద్ధము రాగానే ఆ పేరు ప్రమాదకరమైనది. వారి పత్రములు వారిని ఆస్ట్రియా ప్రజలని చెప్పినవి, ఆస్ట్రియా శత్రుదేశము. 1914 - 1920 మధ్య కెనడా నిర్బంధించిన 8,579 మందిలో అధికసంఖ్యాకులు ఉక్రేనియనులు. ఏ చక్రవర్తి పాలనలోని లేమిని తప్పించుకొని వచ్చిరో ఆ చక్రవర్తి పక్షపువారని వారిని ముళ్లతీగల వెనుక నుంచిరి.

1918లో ఆస్ట్రియాతోపాటు గలీషియా రాజ్యమును అంతరించినది. క్రొత్త పోలండ్ ఆస్ట్రియా పెట్టిన ఆ పేరును తుడిచివేయగోరి తూర్పుభాగమును 'తూర్పు చిన్న పోలండ్' అనెను. 1941లో నాజీలు తమ ఆక్రమణలోని ఒక మండలమునకు ఆ పేరును తిరిగి పెట్టిరి. ఆ మండలమున లక్షలాది యూదులు చంపబడిరి. 1943లో అచ్చటి ఉక్రేనియనులతో ఏర్పరచిన ఎస్. ఎస్. దళమునకును అదియే పేరు. అందుచేత నేటి లివీవ్ నగరమున 'హలిచినా' అను మాట కొందరికి ఆస్ట్రియా కాలపు కాఫీశాలల జ్ఞాపకము, కొందరికి ఉక్రేనియన్ స్వాతంత్ర్యపు పుట్టినిల్లు, మరి కొందరికి వినుటకే వెరపు.

కావున తెలుగులో పడమటిదానికి గలీషియన్ అనియే, అనగా జాతిభాషల పేరుగా, వాడవచ్చును. తూర్పుదానికి గలీషియావాసి యనుట మేలు, అది నివాసమును మాత్రమే చెప్పును. పడమటివాడు గలీషియాను విడిచి బ్యూనస్ ఐరిస్‌లో పుట్టినను గలీషియనే. తూర్పువాడు ఊరు విడువగానే పోలో, ఉక్రేనియనో, యూదుడో అగును.

దీనికి ఒక అపవాదము కలదు. యిడ్డిష్ భాషలో గలీషియా యూదునకు 'గలిత్సియానర్' అని పేరు. లిథువేనియా పక్కవాడు 'లిత్వాక్'. ఇరువురకును ఉచ్చారణలో తగవు, ప్రార్థనారీతిలో తగవు, పెండ్లిసంబంధములలో తగవు. ఆ యూళ్లు లేవు, ఆ రాజ్యము లేదు. న్యూయార్క్‌లో పుట్టి నీస్తర్ నదిని చూడని మనుమలు మాత్రము తాము గలిత్సియానర్‌లమే యందురు. గుర్తు ఏమని యడిగినచో పండుగనాటి చేపల వంటకమును చూపుదురు. లిత్వాకులు అందులో మిరియాలు వేయుదురు. గలిత్సియానర్‌లు చక్కెర వేయుదురు.